ఏపీఐ క్లయింట్‌లో ఆటోమేటిక్ రీట్రై: సరిగ్గా సెట్ చేసుకోవడం ఎలా?

"అన్నా, మ్యాక్స్ రీట్రైస్ ఎంత పెట్టాలి?"

రాయదుర్గంలో మా ఆఫీసుకు కొత్తగా వచ్చినవాళ్లలో ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. ఏపీఐ అంటే మన కోడ్ ఇంకో సర్వీసుతో మాట్లాడే దారి. పంపిన రిక్వెస్ట్ చెడితే కోడ్ తనంతట తానే మళ్లీ పంపడం రీట్రై, అలా ఎన్నిసార్ల దాకా పంపాలన్న అంకె మ్యాక్స్ రీట్రైస్. మూడు అని చెప్తే రాసుకుని వెళ్లిపోతారు. నెల తిరక్కుండా అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. అంకె కంటే ముందు తేల్చుకోవాల్సినవి నాలుగైదు ఉన్నాయి. అవి తేలితే అంకె దానంతటదే వస్తుంది. ఆ వరుసలోనే రాస్తున్నాను.

ఉదాహరణలు ఎక్కువగా పైథాన్‌లోని రిక్వెస్ట్స్, దాని లోపల పనిచేసే యూఆర్ఎల్‌లిబ్3 లైబ్రరీలవి. వేరే భాషలో రాసేవాళ్లకూ వరుస ఇదే, పేర్లే మారతాయి. సెట్టింగ్ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. కోడ్‌లో వాటిని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో రాసుకోండి.

## 1. ముందు ఒకే ప్రశ్న: ఈ రిక్వెస్ట్ రెండుసార్లు వెళ్తే ఏమవుతుంది?

ఇరానీ కేఫ్‌లో రెండు చాయ్, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు తీసుకుని కౌంటర్ దగ్గర స్కాన్ చేశారు. ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. సౌండ్ బాక్స్ నోరు విప్పలేదు. ఇప్పుడు మళ్లీ స్కాన్ చేయాలా? మొదటిది వెళ్లకపోతే చేయాల్సిందే. వెళ్లి ఉంటే డబ్బులు రెండుసార్లు కట్ అవుతాయి. కౌంటర్‌లో కూర్చున్నాయనకు ఈ సంగతి బాగా తెలుసు కాబట్టే "ఆగండి సార్, సౌండ్ రానీయండి" అంటాడు. లైబ్రరీకి ఆ బుద్ధి మనమే నేర్పాలి.

ఒక కాగితం తీసుకుని, మీ కోడ్ చేసే ఏపీఐ కాల్స్ అన్నీ రాయండి. పక్కన మూడింటిలో ఒక గుర్తు పెట్టండి.

- చ: చదవడం మాత్రమే. గెట్, హెడ్ కాల్స్. పదిసార్లు పంపినా ఏమీ మారదు.
- స: రాస్తుంది కానీ ఎన్నిసార్లు రాసినా ఫలితం ఒకటే. అడ్రసును ఫలానాగా మార్చు (పుట్), ఫలానా రికార్డు తీసెయ్ (డిలీట్) లాంటివి.
- కొ: పంపిన ప్రతిసారీ కొత్తగా ఏదో జరుగుతుంది. ఆర్డర్ పెట్టడం, డబ్బు పంపడం, ఎస్ఎంఎస్ పంపడం. ఎక్కువగా పోస్ట్ కాల్స్.

గెట్, పోస్ట్ లాంటి మెథడ్ పేరును చూసి మోసపోవద్దు. గెట్ కాల్‌తోనే ఓటీపీ పంపించే ఏపీఐలను నేను చూశాను. డాక్యుమెంటేషన్ చదివి గుర్తు పెట్టండి.

ఈ కాగితం లేకుండా నేనొకసారి దెబ్బ తిన్నాను. క్లినిక్ అపాయింట్‌మెంట్‌ను గుర్తుచేసే ఎస్ఎంఎస్‌లు పంపే కోడ్ అది. అవతలి సర్వీసు మెసేజ్ పంపేస్తోంది కానీ "పంపాను" అన్న జవాబు మాకు 5 సెకన్లలోపు రావట్లేదు. మా కోడ్ టైమౌట్ అయిందనుకుని ఓపిగ్గా ఇంకో మూడుసార్లు పంపింది. ఒక పెద్దాయన ఫోన్ చేసి, "బాబూ, నాలుగు అపాయింట్‌మెంట్లు ఎందుకు పెట్టారు? నేను ఒక్కటే కదా అడిగింది" అన్నారు. తప్పు రీట్రై అంకెలో లేదు. "కొ" గుర్తు పడాల్సిన కాల్‌ను "చ" లాగా వదిలేయడంలో ఉంది.

## 2. మీ లైబ్రరీ ఇప్పటికే ఏం చేస్తోంది?

చాలామంది ఈ అడుగు దాటేస్తారు. కొన్ని లైబ్రరీలు ఏమీ చెప్పకపోయినా రీట్రై చేస్తాయి, కొన్ని అసలు చేయవు.

- రిక్వెస్ట్స్: డిఫాల్ట్‌గా రీట్రై సున్నా. టైమౌట్ కూడా లేదు. అవతలివాళ్లు మాట్లాడకపోతే ఎంతసేపైనా ఎదురుచూస్తుంది.
- హెచ్‌టీటీపీఎక్స్ (రిక్వెస్ట్స్ లాంటిదే ఇంకో పైథాన్ లైబ్రరీ): టైమౌట్ డిఫాల్ట్‌గా 5 సెకన్లు ఉంటుంది. ట్రాన్స్‌పోర్ట్‌లో రీట్రైస్ అని అంకె ఇవ్వొచ్చు కానీ, అది కనెక్షన్ కుదరనప్పుడే పనిచేస్తుంది. సర్వర్ నుంచి 503 ("ఇప్పుడు పని చేయలేను" అనే కోడ్) వస్తే పట్టించుకోదు.
- ఓపెన్ఏఐ, ఆంత్రోపిక్ పైథాన్ లైబ్రరీలు: మ్యాక్స్ రీట్రైస్ డిఫాల్ట్‌గా 2, టైమౌట్ 10 నిమిషాలు. రెండూ కలిపి చూస్తే, ఒక్క కాల్ అరగంట దాకా వేలాడే వీలుంది.
- టెనాసిటీ (పైథాన్‌లో రీట్రై కోసమే ఉన్న లైబ్రరీ): డెకరేటర్ ఒక్కటే తగిలించి ఇంకేమీ చెప్పకపోతే, మధ్యలో గ్యాప్ లేకుండా ఆగకుండా రీట్రై చేస్తూనే ఉంటుంది. దీన్ని అలాగే లైవ్‌కు పంపినవాళ్లు ఉన్నారు.
- యాక్సియోస్ రీట్రై (జావాస్క్రిప్ట్‌లో): డిఫాల్ట్‌గా 3 సార్లు, మధ్యలో గ్యాప్ లేదు.

ఇంకో గోతి: అంకెలో మొదటి ప్రయత్నం కలిసిందా, లేదా? యూఆర్ఎల్‌లిబ్3లో టోటల్ 3 అంటే మొదటిది కాక ఇంకో మూడు, మొత్తం 4 కాల్స్. టెనాసిటీలో స్టాప్ ఆఫ్టర్ అటెంప్ట్ 3 అంటే మొదటిదీ కలిపి 3. ఏడబ్ల్యూఎస్ వాళ్ల పైథాన్ లైబ్రరీ బోటో3లోనైతే రెండు పేర్లూ ఉన్నాయి: కాన్ఫిగ్‌లో మ్యాక్స్ అటెంప్ట్స్ అంటే మొదటిది కాకుండా, టోటల్ మ్యాక్స్ అటెంప్ట్స్ అంటే మొదటిదీ కలిపి. టీమ్‌లో మాట్లాడుకునేటప్పుడు "మొత్తం ఎన్ని కాల్స్" అనే లెక్కలోనే మాట్లాడుకోండి, గొడవ ఉండదు.

## 3. రీట్రై కంటే ముందు టైమౌట్

టైమౌట్ లేని కాల్‌కు రీట్రై పెట్టడం వృథా. మొదటి ప్రయత్నం ముగిస్తే కదా రెండోది మొదలయ్యేది.

రిక్వెస్ట్స్‌లో టైమౌట్‌కు రెండు అంకెలు ఇవ్వొచ్చు. మొదటిది కనెక్ట్ టైమౌట్: అవతలి సర్వర్‌తో లైన్ కలవడానికి ఎంతసేపు చూడాలి. రెండోది రీడ్ టైమౌట్: లైన్ కలిశాక జవాబు కోసం ఎంతసేపు చూడాలి. ఈ తేడా రీట్రైకి ప్రాణం. కనెక్ట్ దశలోనే ఆగిపోయిందంటే రిక్వెస్ట్ అవతలికి చేరలేదు, ఏ గుర్తు ఉన్న కాల్‌నైనా ధైర్యంగా మళ్లీ పంపొచ్చు. రీడ్ దశలో ఆగిందంటే పని జరిగిపోయి ఉండొచ్చు, జవాబే దారిలో ఉండిపోయి ఉండొచ్చు. నా ఎస్ఎంఎస్‌ల కథ అదే.

యూఆర్ఎల్‌లిబ్3 ఈ సంగతి తెలిసే పనిచేస్తుంది. కనెక్షన్ తప్పులకు మెథడ్ ఏదని చూడకుండా రీట్రై చేస్తుంది. రీడ్ తప్పులకు మాత్రం గెట్, హెడ్, పుట్, డిలీట్, ఆప్షన్స్, ట్రేస్‌లకే చేస్తుంది. పోస్ట్‌ను, ప్యాచ్‌ను ముట్టుకోదు. మనం అతి తెలివికి పోయి ఆ లిస్టు మార్చనంతవరకు అది మనల్ని కాపాడుతుంది.

రీడ్ టైమౌట్ అంటే మొత్తం సమయం కాదు. బైట్‌కూ బైట్‌కూ మధ్య ఎంత గ్యాప్ దాకా ఓర్చుకోవాలన్నది మాత్రమే. సర్వర్ చుక్కచుక్కగా డేటా పంపుతుంటే 10 సెకన్ల రీడ్ టైమౌట్ ఉన్నా కాల్ రెండు నిమిషాలు నడవగలదు.

ఇప్పుడు లెక్క. కనెక్ట్ 3 సెకన్లు, రీడ్ 10 సెకన్లు, మొత్తం 4 కాల్స్ అనుకుందాం. అన్నీ చెడితే నాలుగు పదమూళ్లు 52, మధ్యలో గ్యాప్‌లు ఇంకో 3, మొత్తం 55 సెకన్లు. మీ కోడ్‌కు ముందు నిలబడి రిక్వెస్ట్‌లు అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ రీడ్ టైమౌట్ డిఫాల్ట్ 60 సెకన్లు, కాబట్టి అంచు మీద నడుస్తున్నట్టే. ఏడబ్ల్యూఎస్ ఏపీఐ గేట్‌వే వెనక ఉంటే దాని డిఫాల్ట్ హద్దు 29 సెకన్లే, మీ మూడో కాల్ నడుస్తుండగానే యూజర్‌కు ఎర్రర్ వెళ్లిపోతుంది. మీ కోడ్ ఎవరి కోసమో తెలియకుండా ఇంకా ప్రయత్నిస్తూనే ఉంటుంది.

అందుకే లెక్కను తలకిందులుగా చేయండి. యూజర్ ఎంతసేపు ఆగగలడు? 20 సెకన్లు అనుకుంటే, కనెక్ట్ 2, రీడ్ 4, మొత్తం 3 కాల్స్: 18 సెకన్లు, ప్లస్ గ్యాప్ 1. సరిపోయింది. రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబ్ అయితే ఇంత పీనాసితనం అక్కర్లేదు, ధారాళంగా పెట్టుకోండి.

## 4. ఏ తప్పుకు మళ్లీ అడగాలి?

మళ్లీ అడిగితే జవాబు మారే అవకాశం ఉందా అన్నదొక్కటే కొలత.

అడగొచ్చు:
- కనెక్షన్ కుదరకపోవడం, మధ్యలో తెగిపోవడం
- 429, అంటే "మరీ ఎక్కువ అడుగుతున్నావు, ఆగు"
- 502, 503, 504, అంటే సర్వర్ దగ్గరో మధ్యలోని గేట్‌వే దగ్గరో తాత్కాలిక ఇబ్బంది

అడగొద్దు:
- 400, 404, 422. మీరు పంపిందే తప్పు. వందసార్లు పంపినా తప్పే.
- 403. పర్మిషన్ లేదు.
- సర్టిఫికెట్ ఎర్రర్లు.
- 501. ఆ పని అసలు సర్వర్‌కే రాదు.

మధ్యలో ఉన్నవి కొన్ని. 401 వస్తే టోకెన్ గడువు తీరిందేమో చూసి, కొత్త టోకెన్ తెచ్చుకుని ఒక్కసారి మాత్రం అడగండి. అది మామూలు రీట్రై లెక్కలోకి రాదు, దానికి వేరే కోడ్ ఉండాలి. 500 విషయంలో నేను "చ" గుర్తు ఉన్నవాటికే రీట్రై పెడతాను. సర్వర్ సగం పని చేసి పడిపోయిందో, అసలు మొదలుపెట్టలేదో 500 మనకు చెప్పదు. 504 కూడా అంతే: మధ్యలో ఉన్న గేట్‌వే విసుగెత్తి వదిలేసింది, వెనక సర్వర్ పని పూర్తి చేసేసి ఉండొచ్చు.

429లోనూ రెండు రకాలు. నిమిషానికి ఇన్ని అన్న హద్దు దాటితే కాసేపు ఆగితే చాలు. నెల కోటా అయిపోయినందుకు కూడా కొన్ని సర్వీసులు 429నే ఇస్తాయి, దానికి రీట్రై చేస్తే ఒకటో తారీఖు దాకా చేస్తూ కూర్చోవాలి. రెస్పాన్స్ బాడీలో ఎర్రర్ కోడ్ చదివి తేల్చుకోండి.

## 5. గ్యాప్ ఎంత? అందులో తేడా ఎంత?

అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయి వచ్చిన క్షణం గుర్తు తెచ్చుకోండి. ఏసీలు, ఫ్రిజ్‌లు, బోరు మోటారు అన్నీ ఒకేసారి లేస్తాయి, ఫ్యూజ్ మళ్లీ కొట్టేస్తుంది. పడి లేస్తున్న సర్వర్ మీదకు క్లయింట్లన్నీ ఒకే సెకనులో రీట్రై చేస్తే జరిగేది అదే. వాచ్‌మన్ ఏం చేస్తాడు? ఒక్కో బ్లాక్ మెయిన్ ఒక్కోసారి వేస్తాడు. మనమూ రెండు పనులు చేయాలి.

ఒకటి, ప్రతి ప్రయత్నానికీ గ్యాప్ రెట్టింపు చేయడం. దీన్నే ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ అంటారు. రెండు, ఆ గ్యాప్‌ను ఒక్కో క్లయింట్‌లో ఒక్కోలా లాటరీ వేసి తీయడం. దీని పేరు జిట్టర్.

యూఆర్ఎల్‌లిబ్3లో బ్యాకాఫ్ ఫ్యాక్టర్ 0.5 పెట్టారనుకోండి. గ్యాప్‌లు 0.5, 1, 2 అనుకుంటారు అందరూ. నిజానికి వచ్చేవి 0, 1, 2 సెకన్లు. మొదటి రీట్రైకి అది అసలు ఆగదు. 2.0 వెర్షన్ నుంచి బ్యాకాఫ్ జిట్టర్ అనే సెట్టింగ్ ఉంది కానీ, అది కూడా ఆ మొదటి సున్నాను మార్చదు, రెండోదాని నుంచే కలుస్తుంది. ఒకటి రెండు సర్వర్లు నడిపేవాళ్లకు ఇది పట్టించుకోవాల్సినంత విషయం కాదు. వందల వర్కర్లు ఒకే ఏపీఐని కొడుతుంటే మాత్రం పట్టించుకోవాలి. అప్పుడు టెనాసిటీలోని వెయిట్ రాండమ్ ఎక్స్‌పొనెన్షియల్ వాడండి. అది సున్నాకూ పెరిగే హద్దుకూ మధ్య ఎక్కడో ఒకచోట లాటరీ వేస్తుంది.

టెనాసిటీ వాడేటప్పుడు మర్చిపోకూడనివి:
- స్టాప్ ఆఫ్టర్ అటెంప్ట్ తప్పనిసరి. స్టాప్ ఆఫ్టర్ డిలే కూడా కలిపితే మొత్తం సమయానికి ఉజ్జాయింపుగా ఒక హద్దు వస్తుంది.
- ఏ ఎర్రర్లకు రీట్రై చేయాలో పేరు పెట్టి చెప్పండి. లేకపోతే మీ సొంత కోడ్‌లో టైపో ఉన్నా రీట్రై చేస్తుంది.
- రిక్వెస్ట్స్ 503కి ఎర్రర్ లేపదు, మామూలు రెస్పాన్స్ లాగే ఇస్తుంది. రైజ్ ఫర్ స్టేటస్ పిలిస్తేనే టెనాసిటీకి తెలుస్తుంది.
- రీరైజ్ ట్రూ పెట్టండి. లేకపోతే అసలు ఎర్రర్‌ను తన రీట్రై ఎర్రర్‌లో చుట్టి ఇస్తుంది, లాగ్‌లో వెతుక్కోవాలి.

## 6. సర్వర్ టైమ్ చెప్తే వినండి, కానీ హద్దుతో

429, 503లతో పాటు చాలా సర్వర్లు రీట్రై ఆఫ్టర్ అనే హెడర్ పంపుతాయి. అందులో సెకన్ల అంకె ఉండొచ్చు, లేదా పూర్తి తేదీ, సమయం ఉండొచ్చు. సొంతంగా రాసుకునేవాళ్లు అంకె ఒక్కటే చూసుకుని, తేదీ వచ్చినప్పుడు పడిపోతారు.

యూఆర్ఎల్‌లిబ్3 డిఫాల్ట్‌గానే ఈ హెడర్‌ను గౌరవిస్తుంది. 413, 429, 503లకు ఈ హెడర్ ఉంటే, ఆ కోడ్ మీరు ఫోర్స్‌లిస్ట్‌లో (ఏ కోడ్‌లకు రీట్రై చేయాలో చెప్పే లిస్టు) పెట్టకపోయినా రీట్రై చేస్తుంది. చిక్కెక్కడంటే, సర్వర్ 3600 అని పంపితే మీ థ్రెడ్ గంటసేపు పడుకుంటుంది. యూజర్ ఎదురుగా ఉన్న కాల్స్‌లో ఇది కుదరదు. అలాంటిచోట రెస్పెక్ట్ రీట్రై ఆఫ్టర్ హెడర్‌ను ఫాల్స్ చేసి, మీ కోడ్‌లో హెడర్ చదవండి: 5 సెకన్లలోపు అయితే ఆగండి, అంతకు మించితే "కాసేపాగి ప్రయత్నించండి" అని యూజర్‌కే చెప్పేయండి.

## 7. ఇప్పుడు సెట్ చేద్దాం

"చ", "స" గుర్తులున్న కాల్స్‌తో మొదలుపెట్టండి.

అడుగు 1. యూఆర్ఎల్‌లిబ్3 వెర్షన్ చూడండి. ఏ మెథడ్‌లకు రీట్రై చేయాలో చెప్పే లిస్టు పాత ఉదాహరణల్లో మెథడ్ వైట్‌లిస్ట్ అని ఉంటుంది. 1.26లో దాని పేరు అలౌడ్ మెథడ్స్‌గా మారింది, 2.0లో పాత పేరు పూర్తిగా తీసేశారు. ఎక్కడినుంచో కాపీ చేసిన కోడ్ "తెలియని ఆర్గ్యుమెంట్" అని ఏడిస్తే కారణం ఇదే.

అడుగు 2. రీట్రై ఆబ్జెక్ట్ తయారుచేయండి. టోటల్ 2, బ్యాకాఫ్ ఫ్యాక్టర్ 0.5, స్టేటస్ ఫోర్స్‌లిస్ట్‌లో 429, 502, 503, 504. ఫోర్స్‌లిస్ట్ డిఫాల్ట్‌గా ఖాళీ. టోటల్ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే 502కు, 504కు ఏమీ జరగదు, "రీట్రై పెట్టినా పనిచేయట్లేదు" అనుకుంటారు.

అడుగు 3. రైజ్ ఆన్ స్టేటస్ ఏం చేయాలో నిర్ణయించండి. ట్రూగా వదిలేస్తే, ప్రయత్నాలన్నీ అయిపోయాక 503 రెస్పాన్స్ రాదు, ఎర్రర్ లేస్తుంది. మీ పాత కోడ్ స్టేటస్ కోడ్ చూసి నడుస్తుంటే అది అక్కడే విరుగుతుంది. అలాంటప్పుడు ఫాల్స్ పెడితే చివరి రెస్పాన్స్ మీ చేతికి వస్తుంది.

అడుగు 4. ఆ ఆబ్జెక్ట్‌ను హెచ్‌టీటీపీ అడాప్టర్‌కు (రిక్వెస్ట్స్‌లో కాల్స్‌ను పంపే భాగం) మ్యాక్స్ రీట్రైస్‌గా ఇవ్వండి. అంకె కాదు, ఆబ్జెక్టే ఇవ్వాలి. ఉత్త 3 ఇస్తే గ్యాప్ ఉండదు, ఫోర్స్‌లిస్ట్ ఉండదు.

అడుగు 5. సెషన్ తెరిచి, అడాప్టర్‌ను హెచ్‌టీటీపీఎస్ ప్రిఫిక్స్‌కు మౌంట్ చేయండి. హెచ్‌టీటీపీకి మాత్రమే మౌంట్ చేసి, కాల్స్ హెచ్‌టీటీపీఎస్‌లో చేసేవాళ్లు నాకు ఏడాదికి ఇద్దరైనా తగులుతారు.

అడుగు 6. కాల్స్ అన్నీ ఆ సెషన్ మీదే చేయండి. సెషన్ చక్కగా కట్టుకుని, కింద రిక్వెస్ట్స్ డాట్ గెట్ అని పిలిస్తే పడ్డ శ్రమంతా పోయినట్టే, అది వేరే కొత్త సెషన్ తెరుచుకుంటుంది.

అడుగు 7. ప్రతి కాల్‌కూ టైమౌట్ ఇవ్వండి. సెషన్ డాట్ టైమౌట్ అని ఒకసారి రాస్తే సరిపోతుందనుకోవద్దు. పైథాన్ ఏమీ అనదు, రిక్వెస్ట్స్ దాన్ని చదవదు. మర్చిపోతామన్న భయముంటే అడాప్టర్ నుంచి ఒక చిన్న క్లాస్ తీసి, సెండ్ మెథడ్‌లో టైమౌట్ లేకపోతే తగిలించేలా రాసుకోండి.

## 8. "కొ" గుర్తు ఉన్న కాల్స్

వీటికి అవతలివాళ్ల సాయం కావాలి. ఆ సాయం పేరు ఐడెంపొటెన్సీ కీ. రిక్వెస్ట్‌తో పాటు ఒక ప్రత్యేకమైన గుర్తింపు పంపుతాం, అదే కీతో రెండోసారి వస్తే సర్వర్ పని మళ్లీ చేయకుండా మొదటి జవాబే తిరిగి ఇస్తుంది. పేమెంట్ సర్వీసు స్ట్రైప్‌లో ఇది ఐడెంపొటెన్సీ కీ అనే హెడర్, 255 అక్షరాల దాకా ఉండొచ్చు. కనీసం 24 గంటలు గడిచాక వాళ్లు ఆ కీని తీసేయొచ్చు, కాబట్టి మర్నాడు సాయంత్రం అదే కీతో పంపి "ఏం కాదులే" అనుకోవద్దు.

ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. కీ తయారుచేసే లైన్‌ను రీట్రై అయ్యే ఫంక్షన్ లోపల రాస్తారు. ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ పుడుతుంది, సర్వర్‌కు ప్రతిదీ కొత్త ఆర్డరే. కీ బయట పుట్టాలి, లోపలికి వెళ్లాలి. అంతకన్నా మంచి పద్ధతి, మీ డేటాబేస్‌లోని ఆర్డర్ నంబరు నుంచే కీ తీయడం. మధ్యలో సర్వర్ రీస్టార్ట్ అయినా కీ మారదు. అడాప్టర్‌తో చేసే రీట్రైలో ఈ బాధ లేదు, అవే హెడర్లు మళ్లీ వెళ్తాయి.

కీ సదుపాయం ఉంటే, ఆ సర్వీసు అడ్రసుకు మాత్రమే వేరే అడాప్టర్ మౌంట్ చేసి, దాని అలౌడ్ మెథడ్స్‌లో పోస్ట్ చేర్చండి. పొడవైన ప్రిఫిక్స్‌కే ప్రాధాన్యం కాబట్టి మిగతా కాల్స్ మీద దీని ప్రభావం ఉండదు.

కీ సదుపాయం లేకపోతే? కనెక్ట్ తప్పులకు తప్ప రీట్రై వద్దు. రీడ్ టైమౌట్ వస్తే ఆర్డర్ స్టేటస్ అడిగే గెట్ కాల్ ఉందేమో చూసి, ముందు అడిగి, లేదని తేలాకే మళ్లీ పంపండి. అదీ లేకపోతే మనిషి చూసేలా ఒక లిస్టులో వేయండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఫైల్ అప్‌లోడ్‌లకు ఒక మాట. ఫైల్‌ను తెరిచి ఇస్తే రెండో ప్రయత్నానికి మొదటికి తిప్పుకోగలదు. జనరేటర్‌తో ముక్కలుగా పంపితే తిప్పడం కుదరదు, రీట్రై అక్కడే విరుగుతుంది.

## 9. రీట్రై ఒక్క చోటే

మొబైల్ యాప్ మొత్తం 4 ప్రయత్నాలు చేస్తుంది. దాని వెనక బ్యాకెండ్ 4. బ్యాకెండ్ వాడే లైబ్రరీ 4. నాలుగు నాలుగులు పదహారు, పదహారు నాలుగులు 64. యూజర్ ఒక్కసారి బటన్ నొక్కితే, పడిపోయి ఉన్న సర్వర్‌కు 64 దెబ్బలు.

తప్పు ఎక్కడ పుడుతుందో దానికి అతి దగ్గరి పొరలోనే రీట్రై ఉంచి, మిగతా పొరల్లో తీసేయండి. టెనాసిటీ పెడితే అడాప్టర్‌లో టోటల్ సున్నా చేయండి. సర్వీసువాళ్లు ఇచ్చే లైబ్రరీలో (ఎస్‌డీకే) ముందే ఉంటే మీ పైపొర తీసేయండి.

పనులను వరుసలో పెట్టి వెనక నడిపే సెలరీ లాంటి క్యూ వాడేవాళ్లు వర్కర్‌ను నిమిషాల తరబడి పడుకోబెట్టొద్దు. త్వరగా తప్పని ఒప్పుకుని టాస్క్‌ను తిరిగి క్యూలో వేయండి. సెలరీ టాస్క్‌లో రీట్రై పిలిస్తే డిఫాల్ట్‌గా 3 నిమిషాల తర్వాత మళ్లీ వస్తుంది, 3 సార్లు దాకా. అసింక్ కోడ్‌లో మామూలు టైమ్ డాట్ స్లీప్ వాడితే మీ ఒక్క కాల్ కాదు, ఈవెంట్ లూప్ మొత్తం ఆగుతుంది.

## 10. లాగ్ లేని రీట్రై దొంగలాంటిది

రీట్రై బాగా పనిచేస్తే ఎర్రర్లు కనబడవు. అదే ప్రమాదం. సర్వీసు సగం చచ్చినా డ్యాష్‌బోర్డు పచ్చగానే ఉంటుంది, స్పీడు మాత్రం తగ్గుతుంది.

యూఆర్ఎల్‌లిబ్3 కనెక్షన్ తెగినప్పుడు వార్నింగ్ స్థాయిలో లాగ్ రాస్తుంది. 503 లాంటి స్టేటస్‌కు చేసే రీట్రైని మాత్రం డీబగ్ స్థాయిలోనే రాస్తుంది, మామూలుగా నడిపితే మీకు కనబడదు. రెస్పాన్స్ వచ్చాక రా డాట్ రీట్రైస్ డాట్ హిస్టరీ చూడండి, అందులో ఎన్ని ప్రయత్నాలయ్యాయో ఉంటుంది. ఆ సంఖ్యను, కాల్‌కు పట్టిన మొత్తం సమయాన్ని లాగ్‌లో రాయండి. మొత్తం కాల్స్‌లో రీట్రైలు పదోవంతు దాటితే అలారం మోగేలా పెట్టుకోండి, మొదలుపెట్టడానికి అది చాలు.

## 11. పరీక్షించకుండా లైవ్‌కు వద్దు

ఫ్లాస్క్ (చిన్న వెబ్ సర్వర్లు రాసే పైథాన్ లైబ్రరీ) తో పది లైన్ల దొంగ సర్వర్ రాయండి. మొదటి రెండు కాల్స్‌కు 503, మూడోదానికి 200 ఇవ్వాలి. కాల్ వచ్చిన సమయం ప్రింట్ చేయాలి. మ్యాక్ వాడేవాళ్లు 5000 పోర్టు వద్దు, ఎయిర్‌ప్లే ఆ పోర్టును ముందే పట్టుకుని కూర్చోవచ్చు. దొంగ సర్వర్ హెచ్‌టీటీపీలో నడుస్తుంది కాబట్టి, ఈ పరీక్ష కోసం అడాప్టర్‌ను ఆ ప్రిఫిక్స్‌కూ మౌంట్ చేయండి.

పైన చెప్పిన సెట్టింగ్స్‌తో గెట్ కాల్ చేస్తే సర్వర్ వైపు ఇలా కనబడాలి:

12:40:07, 503
12:40:07, 503
12:40:08, 200

మొదటి రెండూ ఒకే సెకనులో, మూడోది ఒక సెకను తర్వాత. ఒక్క లైనే కనబడితే సెషన్ మీద పిలవలేదన్నమాట. మూడూ ఒకే సెకనులో ఉంటే బ్యాకాఫ్ ఫ్యాక్టర్ చేరలేదు. తర్వాత సర్వర్ ప్రతిసారీ 503నే ఇచ్చేలా మార్చి చూడండి: మూడుకు బదులు తొమ్మిది లైన్లు కనబడితే ఇంకో పొరలో కూడా రీట్రై ఉంది, వెతకండి.

అదే సర్వర్‌తో ఇంకొన్ని:
- పోస్ట్ పంపండి. 503కి ఒక్క లైనే కనబడాలి.
- జవాబు ఇచ్చేముందు 30 సెకన్లు పడుకునేలా చేయండి. మీ కోడ్ ఎన్ని సెకన్లకు చేతులెత్తేసిందో గడియారం పెట్టి చూడండి, మూడో భాగంలో వేసిన లెక్కను దాటకూడదు.
- 429తో పాటు రీట్రై ఆఫ్టర్ 3600 పంపండి. టీ తాగి వచ్చేసరికి ఇంకా నడుస్తుంటే హద్దు పెట్టలేదు.
- 400 ఇవ్వండి. ఒక్క లైనే.
- సర్వర్‌ను ఆపేసి పిలవండి. మీ లాగ్‌లో వార్నింగ్‌లు కనబడాలి.
- ఐడెంపొటెన్సీ కీని సర్వర్ వైపు ప్రింట్ చేయండి. మూడు లైన్లలోనూ ఒకే కీ ఉండాలి.

## 12. లైవ్‌కు పంపే రోజు

- ప్రతి కాల్‌కూ చ, స, కొ గుర్తు ఉందా?
- అన్ని కాల్స్‌కూ రెండు టైమౌట్‌లూ ఉన్నాయా?
- అన్నీ చెడితే పట్టే సమయం ముందున్న గేట్‌వే హద్దు కంటే తక్కువేనా?
- మిగతా పొరల్లో రీట్రై తీసేశారా?
- మొత్తం కాల్స్ అంకెను కాన్ఫిగ్ ఫైల్ నుంచి మార్చొచ్చా? అవతలి సర్వీసు కుదేలైన రోజు డిప్లాయ్ చేయకుండానే దాన్ని ఒకటికి (అంటే రీట్రై సున్నాకు) దించాల్సి వస్తుంది.
- శుక్రవారం సాయంత్రం కాదు కదా?